మూడు బంతులు

రిమ్స్‌లో ఇచ్చారు దీన్ని.
మూడు గదుల ప్లాస్టిక్ డబ్బా, ఒక గొట్టం,
గదికొక బంతి.
ఊదడం కాదు, పీల్చాలి.
పొద్దున పది, సాయంత్రం పది.
మూడూ లేస్తే ఊపిరి బాగున్నట్టు.

మా ఆయన కూర్మారావు
పదకొండేళ్ళు టెక్కలి వెనక కొండలో నీలిరాయి తొలిచినవాడు,
జాక్‌హ్యామర్ మీద పొట్ట ఆనించి
రోజుకి నలభై బెజ్జాలు దించినవాడు
మొదటి బంతి దగ్గరే ఆగిపోతాడు.
అది కొంచెం కదులుతుంది,
ఎవరో పిలిస్తే తల తిప్పి
మళ్ళీ అటు ఒత్తిగిల్లిన ముసలాడిలా.

ముందు టీబీ అన్నారు.
ఆరు నెలల మాత్రలు. ఉచ్చ ఎర్రబడింది,
దగ్గు మాత్రం దగ్గులాగే ఉంది.
తర్వాత శ్రీకాకుళంలో ఇంకో డాక్టరమ్మ
ఎక్స్‌రే ఫిల్ముని కిటికీకి పట్టి అడిగింది:
"ఏం పని చేస్తాడమ్మా?"
అప్పటిదాకా ఆ మాట ఎవరూ అడగలేదు.
రెండు ఊపిరితిత్తుల నిండా
సగ్గుబియ్యం చల్లినట్టు తెల్ల చుక్కలు.
"రాయి," అంది. "దీనికి కరగడం తెలీదు."

శనివారం శనివారం మేస్త్రీ
పావుకిలో బెల్లం పంచేవాడు,
తింటే దుమ్ము కిందికి దిగిపోతుందని.
నమ్మాను. పిల్లాడికీ పెట్టాను ఓ ముక్క.
నీళ్ళు పోసి తొలిస్తే దుమ్ము లేవదట.
ట్యాంకరు ఉండేది,
జీపు వచ్చిన రోజు తిరిగేది.

ఇవన్నీ ఊళ్ళో అందరూ చెప్పేవే.
నేను చెప్పాల్సింది వేరే ఉంది.

సాయంత్రం ఆయన వచ్చేసరికి
కనురెప్పలు కూడా తెల్లగా
పిండిమరలోంచి లేచొచ్చినట్టుండేవాడు.
చొక్కా విప్పి నా చేతికిచ్చేవాడు.
గడపలో నిలబడి దులిపేదాన్ని,
చంకలో హేమంతు.
టప్. టప్.
ఆ చప్పుడికి వాడికి ఒకటే నవ్వు.
వాలు ఎండలో దుమ్ము మెరుస్తుంటే
పట్టుకోడానికి చేతులు చాపేవాడు.
"మా గుంటడికి ఎంత సరదావో సూడు"
అంటూ ఇంకా గట్టిగా దులిపేదాన్ని.

మెరిసేది అంత చెడ్డది కాదంది డాక్టరమ్మ.
కంటికి ఆననిదే లోపలికి దిగుతుందట.

"ఊరుకోయే, నీకేటి తెలుసు అప్పుడు," అంటుంది మా అత్త.
నిజమే. తెలీదు.
తెలియని చేతులే.
అయినా నా చేతులే.

మొన్న ఆయన వీపు వెనక దిళ్ళు సర్ది వచ్చేసరికి
హేమంతు గొట్టం నోట్లో పెట్టుకున్నాడు.
మూడో తరగతి.
ఆటల పీరియడ్‌లో గోడవారన కూర్చుంటున్నాడని
టీచరు రెండుసార్లు కబురంపింది.
"ఒగ్గీరా" అనబోయి ఆగాను.
చూడాలనిపించింది.
చూడకూడదనీ అనిపించింది.

ఒకటి లేచింది.
రెండోది వణికి వణికి లేచింది.
మూడోది...
గొట్టం తీసి దగ్గాడు.
"ఇది పాడైపోనాదే అమ్మా,"
డబ్బాని తిరగేసి అడుగు చూస్తున్నాడు.
"ఇటు తేరా, నాను సూస్తాను,"
మంచం మీంచి ఆయన.
ఆ నాలుగు మాటల మధ్యలో రెండుసార్లు ఆగాడు.

రోడ్డు మీద ఎర్రరంగు నంబర్లేసిన రాళ్ళు
లారీకొకటి పోతున్నాయి.
ఎక్కడో ఎవరి వంటింట్లోనో గట్టు మీద
నీలంగా మెరుస్తాయట,
తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే చాలట.

మా మరిది ఇంకా అదే కొండకి పోతున్నాడు.
సాయంత్రాలు వాడి చొక్కా వస్తుంది.
గుమ్మం బయటే బకెట్టు పెట్టాను.
దులపను. ముంచుతాను.
నీళ్ళు బియ్యం కడిగినట్టు తెల్లబడతాయి.
వాటిని ఎక్కడ పారబొయ్యాలో
ఎవరూ చెప్పలేదు.