అర అంగుళం

పామిడి వంతెన దాటే లోపలే
నాగలింగప్ప ఫియట్ ఆగిపోయేది.
చలికాలంలో కాదు. ఉగాది పోయినాక,
పెన్నలో ఇసుక కండ్లలో గుచ్చే దినాల్లో,
పొద్దు పదకొండు దాటితే చాలు.

పెట్రోలుంది. ప్లగ్గులు కొత్తవి. కాయిల్ మార్చినాం.
బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ కప్పి
మైలురాయి మీద కూర్చుంటాడు నాగలింగప్ప.
వెనక సీట్లో పెండ్లికూతురు, పక్కన వాళ్లవ్వ,
అవ్వ ఒళ్లో చెమటకు తడిసిన వడిబియ్యం.
"ఏమప్పా, ఇది కారా, మొండి ఎద్దా?"
బాడుగలో యాభై తగ్గించుకున్నాడంట ఆ పొద్దు.

గుత్తిలో మా షెడ్డుకు రేకుల కప్పు.
మధ్యాహ్నం పానా పట్టాలంటే
బకెట్టు నీళ్లలో ముంచి తీయాల్సిందే.
దాదాఖలందర్ ఉస్తాద్ కార్బురేటర్ మీద
అరచెయ్యి తిరగేసి ఆనించినాడు,
బిడ్డ నొసలు చూసినట్టు.
"దీనికి జరం కాదురా సుంకన్నా.
పొయ్యి మీద పాలగిన్నె పెట్టి మర్చిపోయినారు.
పొంగితే పాలదా తప్పు?"

కింద ఎగ్జాస్టు, నిప్పుల గొట్టం.
దాన్ని రాసుకుని గాలి పోయే మానిఫోల్డు.
దాని నెత్తిన కార్బురేటర్.
ఇనుముకు మొగమాటం లేదు,
అడిగినోళ్లకూ అడగనోళ్లకూ వేడి పంచుతుంది.
ఇంజన్ పిలవకముందే గిన్నెలో పెట్రోలు
ఆవిరై లేచిపోతుంది.

మూతపడిన శెనక్కాయల మిల్లులో
పాత స్విచ్చిబోర్డు, బేకలైటుది, అర అంగుళం మందం,
పాతసామాన్ల అంగట్లో పన్నెండు రూపాయలకు తెచ్చినాడు.
"కరెంటునే కరవనీకుండా ఆపిందిరా ఇన్నేండ్లు.
దీన్ని దాటి వేడి యాడికి పోతాది?"

రెండు దినాలు కోసినాం.
రంపం కింద కాలిన చేపల వాసన.
నడిమి రంధ్రం నేను ఆకురాయితో తోమితే
ఉస్తాద్ చిటికెనవేలు లోపల తిప్పి
"మెట్టుంది" అన్నాడు. మళ్లీ తోమినా. "ఇంకా ఉంది."
గాలి గొంతులో ఏదీ తగలకూడదంట.
పైనొక గాస్కెట్, కిందొక గాస్కెట్,
బోర్డు మీది తెల్లరంగు అక్షరాల్లో
'మోటా' వరకే మిగిలింది ఆ ముక్క మీద.

అప్పుడు చూస్తే స్టడ్లు పొట్టి.
అది ఉస్తాద్ లెక్కలో తప్పు. ఒప్పుకోలేదు.
అనంతపురం బస్సు కండక్టరుకు చీటీ ఇచ్చి
పొడుగువి తెప్పించేసరికి శుక్రవారమైంది.
బిగిస్తే బానెట్ మూతపడలేదు.
ఎయిర్ ఫిల్టర్ డబ్బా పైకి తన్నుతోంది.
లోపల్నించి చెక్కసుత్తితో నాలుగు దెబ్బలు.
ఫియట్ నెత్తిన చిన్న బొప్పి,
నాగలింగప్ప దాన్ని తడిమి తడిమి చూసుకున్నాడు.

మే నెల, పన్నెండున్నర.
ముగ్గురం పోయినాం చూద్దామని.
వంతెన ఎక్కింది. నడిమికొచ్చింది.
ఎవరమూ మాట్లాడలేదు.
దాటింది.
దాటినాక నాగలింగప్ప
పక్కకు తీసి ఆపేసి, దిగి,
డిక్కీలోంచి తడిగుడ్డ తెచ్చినాడు.
"ఏంటికప్పా?" అన్నాడు ఉస్తాద్.
ఆయన గుడ్డను చూసుకున్నాడు. నీళ్లు పిండి
మెడ తుడుచుకున్నాడు.

"ఇంజన్ సల్లబడిందా ఉస్తాద్?"
"లేదురా. వేడి యాడికీ పోలా.
నీ జాగాలో నువ్వుండు అని చెప్పినాం, అంతే."

నమ్మక బానెట్ ఎత్తి చెయ్యి పెట్టినా.
చూపుడువేలు బేకలైటుకు పైన,
బొటనవేలు కింద.

ఇరవై ఏడేండ్లయింది.
బొటనవేలి మీద మచ్చ, అలచందగింజంత, ఇంకా ఉంది.
చూపుడువేలి మీద
ఏమీ లేదు.