ఏడో ప్రశ్న

డెల్టాల మీద పనిచేసేవాళ్ళ సదస్సు
వచ్చేసారి ఎక్కడో ఇంకా తేలలేదు.
జాబితాలో మూడూళ్ళు.
ఒకచోట గదులు చవక, కాపురం నేరం.
ఒకచోట చట్టం చల్లన, టికెట్టు మంట.
మూడోది మా కాకినాడ.

ప్రశ్నల కాగితం నా బల్లమీదకే వచ్చింది,
ఉప్పుశాతం కొలతల రిజిస్టరు పక్కకి.
కరెంటు? ఉంది.
తుపాన్లు? డిసెంబరు దాటాక రండి.
శాకాహారం? అదడగాలా.
ఏడోది యోరిస్ రాశాడు,
వాళ్ళ దేశంలో సముద్రానికి గట్లు కట్టే ఇంజనీరు:
"నేనూ, నా భర్తా, మా నాలుగేళ్ళ పిల్లా వస్తాం.
అక్కడ పిల్లకి జ్వరమొస్తే
మా ఇద్దరిలో ఎవరి సంతకం చెల్లుతుంది?"

"కుటుంబాల్ని ఇంట్లో వదిలి రమ్మనండి"
అన్నాడు కోశాధికారి వీర్రాఘవులు,
ప్రతి సదస్సులోనూ భార్యతో ఫొటో దిగే మనిషి.
"జైలు లేదుగా, లేదని రాసేయమ్మా"
అన్నారు పేరిశాస్త్రిగారు.

నిజమే, లేదు.
ఆ తీర్పొచ్చిన సాయంత్రం
ఎస్తేరు అరకిలో పచ్చిరొయ్యలు తెచ్చింది.
తలుపేసుకుని వండుకున్నాం.

పోయినేడు అమలాపురం ఆస్పత్రిలో
దాని కడుపులో గడ్డ తియ్యాల్సిన రోజు
కౌంటరు కుర్రాడు ఎంతో మర్యాదగా
"ఆయ్, మీరేమవుతారండి?" అన్నాడు.
పదకొండేళ్ళ కాపురం నోట్లో పెట్టుకుని
"చెల్లెల్నండి" అన్నాను.
ఇంటిపేర్లు చూసి తనే సర్దుకున్నాడు:
"పిన్నిగారమ్మాయా అండి?"
చివరికి సంతకం
రాజోలు నుంచి బస్సెక్కి వచ్చిన వాళ్ళన్నయ్యది,
ఆరేళ్ళుగా దానితో మాటల్లేనివాడిది.
బస్సు వచ్చేదాకా
గడ్డ కూడా కాచుక్కూర్చుంది.

కోటిపల్లి పంటు మీద అలా కాదు.
సరంగు తలలు లెక్కపెడతాడు,
ఎవరికెవరని అడగడు.
మా ఇద్దరికీ, బండికీ కలిపి ఒకటే చీటీ.
రేవు నుంచి రేవుదాకా
ఆ కాసేపే మాకు చట్టం.
ఇదీ రాద్దామనుకున్నాను యోరిస్‌కి.
కానీ సదస్సు పంటుమీద పెట్టలేం.

రాసింది ఇంతే:
"జైలు లేదు. కాగితమూ లేదు.
జనం మంచివాళ్ళు, కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు,
సంతకానికి మాత్రం వేరేవాళ్ళని పిలుస్తారు."

పేరిశాస్త్రిగారు రెండుసార్లు చదివారు.
కళ్ళద్దాలు తీసి ఉత్తరీయంతో తుడుచుకున్నారు.
"ఇంత వివరం నీకెలా తెలుసమ్మా?"

బయట పాటు తీస్తోంది.
ఉప్పుటేరులో మడవేళ్ళు
ఒక్కొక్కటే నీళ్ళలోంచి లేస్తున్నాయి.
"కొలత తీసే వేళయింది, వస్తానండి" అన్నాను.

ఉత్తరం పంపేశాకే
గొడుగు తీసుకున్నాను.