కన్నాల బరువు

సోహార్ పోస్టాఫీసులో మూడో కౌంటర్ ఖల్ఫాన్‌ది.
నా కవరు తూకంమీద పెట్టి
"నూట నాలుగు" అంటాడు.
నాలుగు గ్రాములకి రేటు పై మెట్టెక్కి కూర్చుంటుంది.

నాలుగు గ్రాములంటే ఏముంది,
ఒక చామంతి పువ్వూ దాని చుట్టూ రెండు వరసల గొలుసూ.
నేనల్లిన లేసులో సగం కన్నాలే కదా బాబూ,
వాటిక్కూడా బైసాలు కట్టాలా అన్నాను.
నా హిందీ ఎంత అర్థమైందో,
"ఖాళీకి రేటు లేదు, లావుకి ఉంది" అన్నాడు.

నిజమే.
వేలిమందం దాటితే ఉత్తరం కాస్తా పొట్లమైపోతుంది.

నర్సాపురం అవతల మా ఊళ్ళో
ఏజెంటు సైకిలు దిగి దారం తూచి ఇచ్చేవాడు,
నెలకి లేసు తూచి పట్టుకెళ్ళేవాడు,
మధ్యలో తగ్గింది మా కూలిలో కోసుకునేవాడు.
సముద్రం దాటొచ్చినా
తక్కెడ ముందు నిలబడ్డం తప్పలేదు.

గదిలో నాతో ఉండే నర్సు జెసింత
లెక్కలు నేర్పింది. ఒక నోటుబుక్కు, గీతలు.
నిజ్వా బట్టల కొట్టుకి డజను పట్టీలు: రిజిస్టరు.
వాళ్ళకి పెట్టె ఉంది, తాళముంది, సంతకం పెట్టే మనిషున్నాడు.
మస్కట్ డాక్టరమ్మకి కొరియర్,
ఆవిడే ఇచ్చుకుంటానంది, రేపటికల్లా కావాలంది.
సూర్‌కి సాదా పోస్టులో పంపింది ఎటుపోయిందో తెలీదు.
ఎవరి చేతికి దొరికిందో వాళ్ళ జాకెట్టుకి నప్పితే చాలు.
బురైమీది మాత్రం నలభై రోజులు తిరిగి
ఇసక వాసనతో నా దగ్గరికే వచ్చింది.
అప్పుడే ఒట్టేసుకున్నాను,
ఇంక సాదా వద్దు, నంబరు లేని కాగితాన్ని నమ్మొద్దని.

ఎస్తేరు ఇబ్రీ నుంచి రాసింది.
తెల్లచీర అంచుకి ఆరు గజాలు.
డబ్బు ముందే, ఎవరిచేతో.
కొరియర్‌లో వేస్తాను, ఇల్లెక్కడో చెప్పమన్నాను.
నంబరుండని ఇల్లు. మసీదు దాటాక రెండో సందు,
కోళ్ళ కొట్టుకెదురు, ఇటుకరంగు గేటు.
డ్రైవరు ఫోన్ చేస్తాడు, ఎత్తు, అన్నాను.

రెండ్రోజులు జవాబు లేదు.
తర్వాత, రాత్రి పదకొండు దాటాక:
"అక్కా, బెల్లు కొట్టని దాంట్లో పంపు."

అంతే. ఇంకేం రాయలేదు.
నేనూ పదకొండేళ్ళు ఒకరింట్లో గిన్నెలు తోమినదాన్నే,
మిగతాది చదువుకున్నాను.
పగలు ఫోను ఎవరి అలమరలో ఉంటుందో,
గేటు దగ్గర కొత్తమనిషి పేరుపెట్టి పిలిస్తే
సాయంత్రం వరకూ ఎన్ని ప్రశ్నలో.

గురువారం గురువారం ఆ ఇంటి డ్రైవరు
పెట్టెలో కాగితాలన్నీ తెస్తాడట. మంచివాడట.
కరెంటు బిల్లుల మధ్య ఒక పల్చటి ఉత్తరం
ఎవరి కంటా పడదట.

పల్చటిది.

రాత్రి దీపం కింద కొక్కెం సూది తీసి
చివరి చామంతిని విప్పాను.
కొస లాగితే ఎంతసేపు,
మూడు గంటల పని మూడు నిమిషాల్లో
ఒళ్ళో ముడతల దారం.
లేసుని పాత కేలండరు కాగితం మీద పరిచి,
ఒక్క మడత కూడా రెండోదాని మీద ఎక్కకుండా సర్ది,
పైన బైబిలూ దానిపైన బియ్యం డబ్బా పెట్టి పడుకున్నాను.

"తొంభై ఎనిమిది" అన్నాడు ఖల్ఫాన్.
"రిజిస్టరా?"
సాదా, అన్నాను.
తలెత్తి చూశాడు. సూర్ గొడవ అతనికీ గుర్తే.
"పోతే నన్నడక్కు."
అడగను.

చవకదే, అయినా చవకని కాదు.
నోటుబుక్కులో ఆ గీత ఎక్కడ గియ్యాలో
జెసింతకీ తెలీలేదు.

ముద్ర కొట్టేటప్పుడు చెయ్యి కాస్త తేలిక చేశాడు.
లోపలున్నదేంటో ఎప్పుడూ అడగడు,
వేలితో తడిమి చూసుకున్నాడు, కన్నాలు తగిలుంటాయి.
"తర్వాత" అని నా వెనకవాణ్ణి పిలిచాడు.

ఇవాళ సోమవారం.