కడిగిన విత్తనాలు

పడమటి ఆస్ట్రేలియాలో గోధుమ పొలాలు ఆగిపోయే అంచున
మా మామగారు రెండు ట్రాక్టర్ల మధ్య
ఓడ లంగరు గొలుసు కట్టి
అడవిని ఈడ్చి పడేసిన నేల ఇది.
ఆ గొలుసు ఇంకా షెడ్డు వెనకే ఉంది.
తుప్పు పట్టింది, సిగ్గు పడలేదు.

తాగే చెట్లు లేక
అడుగు నీళ్లు అడుగున ఉండలేకపోయాయి.
పాత ఉప్పుని భుజానేసుకుని
ఏడాదికో జానెడు పైకెక్కాయి.
ముందు కంచె గుంజల పాదాలు తెల్లబడ్డాయి,
తర్వాత బార్లీ,
తర్వాత నా పెళ్లినాటి గులాబీ.
అమావాస్య నాడు కూడా మా పల్లపు చేను
వెన్నెల ఆరేసినట్టుండేది.
అందమే. గొర్రెల్నడగండి.

ఎగువ పొలం బార్నబీ క్వెర్క్‌ది.
నరికింది వాళ్లు, మునిగింది మేము
అనేవాడు మా క్లెమెంట్.
మేమూ నరికిన సంగతి
ఆ వాక్యంలో ఎప్పుడూ పట్టేది కాదు.
ఇరవై రెండేళ్లు రెండిళ్లూ ఉప్పూ నిప్పూ.
సరిగ్గా చెప్పాలంటే
ఉప్పు మాది, నిప్పు వాళ్లది.

నాగలి విరిగాక దున్నకుండా వదిలేసిన రాతి మూల
బూడిదరంగు పొద ఒకటి.
మాకన్నా, గోధుమకన్నా ముందు నుంచీ ఇక్కడిది.
ఆకు కొరికితే ముందు ఉప్పు,
ఆ వెనక ఏదో పచ్చి బఠాణీ జ్ఞాపకం.
భూతద్దంలో చూస్తే ఆకు మీద ఉన్నది పిండి కాదు,
బుడగలు.
మింగలేని ఉప్పుని ఆ సంచుల్లో దాస్తుంది,
నిండితే పగలగొట్టుకుంటుంది,
మళ్లీ మొదలెడుతుంది.
నేనూ కొన్నేళ్లు అలాగే కాపురం చేశాను.

అయిదేళ్లు దాని విత్తనం కోసం చూశాను.
పుప్పొడి తప్ప ఏమీ రాలలేదు.
నర్సరీ పిల్ల టామ్సిన్ వచ్చి నవ్వింది.
"ఇది మగది. వీటిలో ఆడా మగా వేరు.
ఇన్నేళ్లూ గాలికి ఉత్తరాలు రాస్తోంది పాపం."
మరి ఆడది?
ఆ పిల్ల వేలు కొండవైపు లేచింది.
క్వెర్క్ కంచె పొడుగునా ఉన్నాయట.

క్లెమెంట్ పోయిన మార్చిలో వెళ్లాను.
బార్నబీ ఏమీ అడగలేదు.
కంచెకి అటు తను కొమ్మ దులిపాడు,
ఇటు నేను గోతం పట్టాను.
కాగితం చప్పుడుతో కాయలు రాలాయి.
"కడక్కపోతే మొలవవు," అన్నాడు,
ఇరవై రెండేళ్ల తర్వాత మొదటి మాట.

నిజమే. ఈ విత్తనం
చుట్టూ ఉప్పు కప్పుకునే పుడుతుంది.
చిన్న జల్లుకి మోసపోదు.
ఒంటి మీది ఉప్పంతా పోయేంత వాన కురిస్తేనే
నమ్మి కన్ను తెరుస్తుంది.
వాన ఎక్కడిది?
క్లెమెంట్ పాత మేజోడులో పోసి మూతి కట్టి
రాత్రంతా కుళాయి కింద వేలాడదీశాను.
ట్యాంకులో నీళ్లు ఎన్నున్నాయో
చూడకుండా పడుకున్నాను.

ఆగస్టు చివర బోదె పోసి
దాని నెత్తిన చిన్న గాడి తీసి నాటాలి.
మొదటి ఏడు గొర్రెని దగ్గరికి రానివ్వొద్దు.
నాటిన రోజు ఒక చెంబెడు నీళ్లు.
ఆ తర్వాత జాలి చూపొద్దు.
వెయ్యి నాటితే నాలుగు వందలు పోయాయి.
కొన్ని కుందేళ్లకి,
కొన్ని నా జాలికి.

ఇప్పుడు మూడో శిశిరం.
పల్లం చాలామటుకు ఇంకా తెల్లగానే ఉంది.
వరసల మధ్య మాత్రం ఎవరూ పిలవని గడ్డి,
అరచేయంత మేర.
మోకాళ్ల మీద కూచుని చూస్తుంటే
గేటు దగ్గర ట్రక్కు ఆగింది.

బార్నబీ టోపీ తీశాడు.
వాళ్ల దిగువ మడిలో
కంచె గుంజల పాదాలు తెల్లబడ్డాయట.
రెండు వందల మొక్కలు కావాలన్నాడు.
"ఏది ఆడదో ఏది మగదో
పూసేదాకా తెలీదు," అన్నాను.
"నాకేం తొందర?" అన్నాడు.
డబ్బు తీసుకున్నాను.
క్లెమెంట్ ఉంటే రెట్టింపు అడిగేవాడు.