చెయ్యి వదులు

కమ్మనహళ్ళిలో, మొబైల్ రిపేరు కొట్టు పైన
ఇరుకు మెట్లెక్కితే మా పార్లరు.
గోడకి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ.
పెయింటర్ని పిలవకుండా ఓనరు ప్రవీణ తనే వేసింది.
ఎరుపు కాస్త కారి పసుపులోకి దిగింది,
అదే బాగుందన్నారు వచ్చినవాళ్ళంతా.

నా పని జడలు కట్టడం.
పూలజడ కాదు, ఆ జడలు:
చిక్కుని ఇంకా చిక్కుపరిచి తాడులా పేనడం.
నరసాపురంలో లేసల్లిన కొక్కెం సూదే.
అప్పుడు కండెకి ఇంతని ఇచ్చేవాళ్ళు,
బెంగళూరొచ్చాక తలకి ఇంత.

మొదటిసారి జమైకా అంటే
జామకాయ అనుకున్నాను.
ఇప్పటికీ ఫోన్లో అడుగుతుంది మా చెల్లి,
"జామకాయ జడలెన్ని కట్టేవే ఇవాళ?"

వస్తూనే ఉంటారు.
మెడలో ట్యాగు తియ్యకుండా మాన్యతా నుంచి ఒకడు,
గిటారు సంచీతో మణిపూర్ పిల్ల,
హొసూరు రోడ్డు మీద లారీల మధ్య
రెండున్నర గంటలు ఇరుక్కుని వచ్చి
"అక్కా, లైఫుని ఈజీగా తీసుకోవాలి" అని
ఫోను కింద పెట్టకుండా చెప్పేవాడు.
ఆరు గంటల పని.
మూడో గంటకి మెడ పట్టేస్తుంది, వాళ్ళకీ నాకూ.
స్పీకర్లో ఆ దేశం పాటలు.
తాళం పడాల్సిన చోట పడదు,
ఓ క్షణం ఆగి పక్కన పడుతుంది,
రేవులో పడవ అలకి ఒరిగి మళ్ళీ నిలబడ్డట్టు.
భాష నాకు తెలీదు. కాలికి తెలుసు.

మే నెలలో షానెట్ వచ్చింది.
ఆ దేశం మనిషే, నిజంగా.
బందరు మనిషికి లడ్డూ చుట్టి పెట్టాల్సొచ్చినట్టు
నా చేతులు వణికాయి.
గోడ చూసి, "మా జెండాలో ఎరుపు లేదు,
నలుపు ఉంటుంది" అంది.
ప్రవీణ మొహం చిన్నబోయింది.
"ఉండనీలే, బాగుంది" అంది మళ్ళీ తనే.

కంఠీరవ స్టేడియంలో
పిల్లలకి పరుగు నేర్పడానికి వచ్చిందట.
పరుగా?
"మీ ఊళ్ళో అందరూ నిదానంగా కదా ఉంటారు?"
ప్రవీణ ఇంగ్లీషులో అడిగిపెట్టింది.

షానెట్ అద్దంలోంచి నన్నే చూసింది.
వాళ్ళ నాయనమ్మ చెరుకు కొట్టేదట.
కత్తి పిడి అచ్చు
చచ్చేదాకా అరచేతిలోంచి పోలేదట.
"నిదానం మాకు ఊరికే రాలేదు."
కాసేపు ఇంకేం అనలేదు.
తర్వాత తన చెంపలు తనే పట్టుకుని ఊపింది,
ఎముక లేనట్టు వేలాడాయి.
పరిగెత్తేటప్పుడు ఇలా ఉండాలట.
పళ్ళు బిగించినవాళ్ళు వెనకబడతారట.
మీ పిల్లలు ముందు దవడ బిగిస్తారు,
ఆ తర్వాతే కాలు కదుపుతారు, అంది.

మా మేనత్త సూరమ్మ
సూది వెనకవైపుతో నా మణికట్టు మీద కొట్టేది.
"చెయ్యి వదులే! దారం బిగిస్తే
లేసు ముడుచుకుపోద్ది."
రోజుకి పద్నాలుగు గంటలు అల్లుతూ అనేది ఆ మాట,
ఓ కన్ను అప్పటికే మసకబారి.

అది షానెట్‌కి చెప్పమన్నాను.
ప్రవీణ 'టెన్షన్' అని ఏదో చెప్పింది.
ఔనౌనని తలూపబోయింది షానెట్,
సూది గుచ్చుకుంది.
"అయ్యో" అన్నాను.
తనూ ఏదో అంది. అయ్యో లాగే వినిపించింది.

ఇవాళ శనివారం.
కుర్చీలో మాన్యతా కుర్రాడు, ఒళ్ళో లాప్‌టాప్,
సగం తల అయింది.
మేనేజరు ఫోను.
నా వేళ్ళకింద వాడి మెడనరం తీగలా లేచింది.
పాట తన మానాన తను ఆగి ఆగి నడుస్తోంది.
సూది పక్కన పెట్టి
వాడి దవడమీద రెండు వేళ్ళు ఆనించాను.
"బాబూ, ముందు ఇది వదులు.
జుట్టు సంగతి తర్వాత చూద్దాం."