సందు

పొద్దున పదకొండింటికి
ఆపరేషన్ గదిలోంచి మంచు డబ్బాలో వచ్చింది,
చిక్కుడు గింజంత చెంగల్రాయుడు.

ఆటోలో ఒళ్ళో పెట్టుకుని
రేణిగుంట గేటు దగ్గర గూడ్సు బండి పోయేదాకా
పెట్టెలు లెక్కపెట్టాను. నలభై మూడు.
ఉప్పూ చక్కెరా ఊపిరీ కలిపిన నీళ్ళలో
పది గంటలు బతుకుతుంది.
ఆ తర్వాత వట్టి మాంసం.

పంతొమ్మిదేళ్ళు ఘాట్ రోడ్డు మీద బస్సు తోలినాయన.
మూర్ఛ వచ్చే ముందు ప్రతిసారీ
బ్రేకులు కాలిన వాసన కొట్టేదట.
"దిగేటప్పుడు నిజంగానే కాల్తాయి గదమ్మా,
ఏది బండిదో ఏది నాదో యాడ తెలస్తాది?"
ఒకనాడు తెలిసింది.
బస్సు డిపోలో ఉంది, చక్రాలు చల్లగా ఉన్నాయి, వాసన మాత్రం వస్తోంది.
తనే పోయి తాళాలు మేనేజరు బల్ల మీద పెట్టి వచ్చాడు.
మా కాగితం మీద సంతకం చేస్తూ కూడా అంతే:
"పారేసేదే గదా, చూసుకోండి."

పొరలు కోశాను. గాజు సూది దించాను.
ఒక కణాన్ని అంటుకోగానే
గొట్టం చివర నోరు పెట్టి పీల్చాలి,
కాలే టీ అంచుకు పెదవి ఆనించినంత, అంతకు మించితే చస్తుంది.

జ్వరంలో అవ్వ మాట్లాడే మాటల్ని ఇంట్లో సంధి అనేవాళ్ళు.
బళ్ళో తెలుగయ్యవారు
రెండచ్చులు కలిసి ఒకటి మాయమైతే సంధి అన్నాడు.
నాకు కూడు పెట్టే ఈ నాడీ సంధిలో
ఎవరూ ఎవరిలోనూ కలవరు.
మధ్య ఒక సందు,
వెంట్రుకను వేల పాయలు చీల్చినా పట్టనంత.
ఈ గట్టున బుడగ పగిలితే
ఆ గట్టు తడుస్తుంది.
మాట అంటే అంతే. మరపు అన్నా అంతే.

మాటల్లో సగం "కానీ" అంటాయి, సగం "వద్దు" అంటాయి.
ఈయన పొరలో వద్దనేవాళ్ళు కరువు.
రంగు వేసి వెతికాను,
ఉండాల్సిన చోట ఖాళీలు.
కాలిపోయింది బ్రేకులే, పెద్దాయనా.
మీ ముక్కు అబద్ధం చెప్పలేదు.

సాయంత్రం ఆరున్నరకి తెర మీద కణాలన్నీ ఒక్క గొంతుతో లేచాయి,
మలుపులో బస్సంతా గోవిందా అన్నట్టు.
ఇక్కడ మలుపు లేదు. కొండ లేదు.

తొమ్మిదీ ఇరవైకి ఆఖరి కణం సున్నాకి జారింది.
సూది తీసి, గిన్నె కడిగి, కాసేపు కుళాయి కట్టేయలేదు.

నాలుగో రోజు వార్డుకు వెళ్ళాను.
గుండు మీద కుట్లు, చేతివేళ్ళ మీద లెక్క.
"మలుపులన్నీ చెప్పుకుంటా ఉండా.
ఒక్కటి మాత్రం దొరకలా.
మీకాడేమన్నా ఉండాదేమో చూడమ్మా."

నా పుస్తకంలో ఆరో కణం పక్కన ఒక ప్రశ్న గుర్తుంది,
ఒక్కసారి పలికి మళ్ళీ పలకనిది.
లేదన్నాను.

"వాసన?" అడిగాను.
"కాఫీ వాసన వస్తాంది. ఎవురన్నా తెచ్చినారా?"

గభాలున తిరిగి చూశాను.
రెండు మంచాల అవతల
ఒకామె ఫ్లాస్కు మూత తిప్పుతోంది.