నాలుగు శాతం

మా మందిరం రేకుల మీద సోలార్ పలక ఒకటుంది.
దాని నుంచి ఒక తీగ, తీగ కొసన ఒక ఫోను,
ఫోను పక్కన నేను.
సంఘంలో ఒకరికి కానుకల పెట్టె, ఒకరికి గంట తాడు,
నాకు చార్జింగ్.

మలావీ సరస్సు ఒడ్డున చేపలెండబెట్టే ఊరు మాది.
వెదురు తడికల మీద ఉసిపా చేపలు
చిల్లర నాణేల్లా మెరుస్తుంటాయి.
మబ్బేస్తే చేప ఎండదు, ఫోను నిండదు.
రెండింటికీ ఆ ఆకాశమే దిక్కు.

మొదట్లో లుసుంగు అవ్వ దాన్ని చూసి మొహం తిప్పుకుంది.
"పలకలో దయ్యం" అంది.
చూపు పోయిన యోసఫాతి తాత కోసమని బతిమాలితే
కీర్తనలన్నీ మా తుంబుకా మాటల్లో చదివి అందులో నింపింది.
మూడు వానాకాలాలు పట్టింది.
నడుమ నడుమ కోడికూతలు, మనవడి దగ్గు,
ఒకచోట "ఆ కుండ దించవే, మాడుతోంది!" అన్న కేక.
అది చెరిపేస్తానంటే తాత ఒప్పుకోలేదు.
"ఉండనీ.
దేవుడు వంటింట్లోకీ వస్తాడని ఇన్నాళ్లకి తెలిసింది."

అందరం తాతలాగే వాడామని చెప్పను.
విత్తనపు కానుక పంపితే వందరెట్లు పండుతుందని
ఎవరో ముక్కూమొహం తెలియని బోధకుడు మెసేజి పెడితే
గొమెజ్గాని పడవ ఇంజనుకి దాచిన డబ్బు పంపేశాడు.
నొక్కింది ఒక వేలు, పోయింది ఒక ఏడాది.
నేను మాత్రం?
పాస్టరు గారి అప్పుల సంగతి రాత్రికి రాత్రి
ఐదుగురి చెవిన వేశాను, ఇదే ఫోన్లోంచి.
తెల్లారి ప్రభువు బల్ల దగ్గర
రొట్టె గొంతు దిగలేదు.
చేపని కోసే కత్తే వేలినీ కోస్తుంది. కత్తిననేం లాభం.

ఇంతకీ చెప్పాలనుకున్నది ఆ శనివారం గురించి.
మూడు రోజులుగా ముసురు.
ఉజ్జీవ కూటాల ఆఖరి రాత్రి.
దూరపు పట్నం ప్రసంగీకుడి గొంతు
ఫోన్లోంచి స్పీకర్లోకి, స్పీకర్లోంచి అరవై మందిలోకి.
జాలి గురించి చెబుతున్నాడు. ఎంత బాగా చెబుతున్నాడో!
తొమ్మిది శాతం.
ఏడు.
వెనక తలుపు దగ్గర వేజి, తడిసి ముద్దయి,
చెప్పులు లేకుండా.
తెమ్వాకి నొప్పులట. బిడ్డ కాళ్లు ముందట.

నాలుగు.

ప్రసంగం ఇంకో పది నిమిషాల్లో అయిపోతుంది.
ఆపేశాను.
"కాబట్టి ప్రియులారా, మీ పొరుగువాడు..."
అక్కడ తెగింది. ఇక రేకుల మీద వానే.
ముందు వరుసలో పెద్ద ఒకాయన
ఎవరో బలిపీఠం తన్నేసినట్టు చూశాడు.

నర్సు తివోంగెకి కలిపాను. మోగి ఆగిపోయింది.
రెండు శాతం.
మళ్లీ కలిపాను.
"పడవ తెస్తున్నా. రేవు కనబడేలా దీపాలు పెట్టండి.
బిడ్డని లాగొద్దు. వింటున్నావా, ఎవ్వరూ లాగొద్..."
నల్లబడింది.

ఆ నల్లద్దంలో నా మొహం చూసుకునే తీరిక లేదు.
లాంతర్లు, టార్చిలైట్లు, చివరికి పొయ్యిలోని కొరకంచులు,
కూటమంతా లేచి ఒడ్డుకి నడిచింది.
వెలుతురుతో పనిలేని యోసఫాతి తాత కూడా
ఒక లాంతరు అడిగి తీసుకున్నాడు,
అందరికన్నా ఎత్తుగా పట్టుకున్నాడు,
పడవ వచ్చేదాకా చెయ్యి దించలేదు.

సోమవారానికి ఎండ కాసింది.
మధ్యాహ్నానికి అరవై శాతం.
"ప్రసంగం మిగతాది పెట్టు" అన్నారు ఎవరో.
ఫోను తెరిస్తే తివోంగె పంపిన ముక్క ఒకటి ఉంది, ఏడు సెకన్లు:
పసిపిల్ల ఏడుపు, దాని వెనక తెమ్వా
ఏడుస్తోందో నవ్వుతోందో.

ముందు అదే తాత చెవి దగ్గర పెట్టాను.
విన్నాడు.
మళ్లీ పెట్టమన్నాడు.